పొడవు వేరు, చోటు వేరు

మా ఆఫీసులో కారు లీజు ముగిసిన ప్రతివాడిదీ ఒకటే పాట. చిన్న ఎలక్ట్రిక్ కారు తాళాలు తిరిగిచ్చేసి, "పిల్లలు ఎదిగారు, అమ్మానాన్నా మా దగ్గరికే వచ్చేశారు, ఈసారి పెద్దది తీసుకోవాలి" అంటాడు. నేరుగా వెళ్లి ముక్కు ఎత్తుగా, టైర్లు లావుగా ఉన్న ఎస్‌యూవీ ముందు నిలబడతాడు. వాయిదా పన్ను లెక్కకు ముందే జీతంలోంచి కోసుకుపోతారు కాబట్టి ఎంత పెరిగినా నొప్పి తెలియదు. పెద్దది కావాలనుకోవడం తప్పు కాదు. బయట ఆకారం చూసి లోపల చోటు ఉందనుకోవడం దగ్గరే నా పేచీ.

ఆ లెక్క పెట్రోలు బండిది. అందులో ఇంజనూ, గేర్‌బాక్సూ, పెట్రోలు ట్యాంకూ కూర్చున్నాక మిగిలినదే మనుషులకు. ఎలక్ట్రిక్ బండిగానే పుట్టినదాంట్లో బ్యాటరీ నేలకింద పరుచుకుంటుంది, మోటారు చక్రాల మధ్యే ఇమిడిపోతుంది. ఇక చక్రాలను నాలుగు మూలలకూ జరిపేయొచ్చు. జరిపారో లేదో చెప్పేది వీల్‌బేస్, అంటే ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం. క్రెటా ఎలక్ట్రిక్ పొడవు 4,340 మిల్లీమీటర్లు, వీల్‌బేస్ 2,610. ఎంజీ విండ్సర్ పొడవు 4,295, వీల్‌బేస్ 2,700. పొట్టిదాంట్లోనే ఇరుసుల మధ్య దూరం 90 మిల్లీమీటర్లు ఎక్కువ. డిక్కీ క్రెటాలో 433 లీటర్లు, విండ్సర్‌లో 604. అదే విండ్సర్‌లో పెద్ద బ్యాటరీ రకం తీసుకుంటే డిక్కీ 579కి తగ్గుతుంది. పెద్దది కావాలన్నప్పుడు ఏది పెద్దదో కూడా చెప్పాలి మరి.

మన కొలతలు చెడిపోవడానికి ప్రభుత్వం వంతు కూడా ఉంది. 2006 కేంద్ర బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకు ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి దించారు. అప్పటినుంచి కంపెనీలు టేపు పట్టుకుని 3,990ల దగ్గర కార్లను కత్తిరిస్తూనే ఉన్నాయి. ఎలక్ట్రిక్ కార్లకు 2019 ఆగస్టు నుంచి జీఎస్టీ 5 శాతమే. పొట్టిదైనా పొడవైనా అంతే. అయినా నెక్సాన్ ఈవీ 3,994 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయింది, ఎందుకంటే అది పెట్రోలు నెక్సాన్ ఒళ్లే. ఇంజన్ కోసం గీసిన ఒంట్లో బ్యాటరీ పెడితే నేల కాస్త పైకి లేస్తుంది. సీటు ఎత్తు మాత్రం అంతే ఉంటుంది. వెనక కూర్చున్నవాళ్ల మోకాళ్లు పైకొస్తాయి, తొడల కింద ఆసరా ఉండదు. ఇది ఏ బ్రోషర్లోనూ రాయరు. మా అమ్మ మాత్రం మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లేలోగానే చెప్పేసింది: "పీట మీద కూర్చున్నట్టుందిరా."

అందుకే షోరూంకి ఆవిణ్నే తీసుకెళ్లాను. అమ్మేవాడు సన్‌రూఫ్ తెరిచి చూపిస్తుంటే ఆవిడ వెనక సీట్లో కాళ్లు చాపి చూసుకుంది, దిగేటప్పుడు చేయి ఎక్కడ ఆనుతుందో చూసుకుంది. నా టేపు కంటే ఆ పరీక్షే గట్టిది.

ఏడు సీట్ల వాదం ఒకటుంది. సంక్రాంతికి అందరం కలిసి ఊరెళ్లాలంటారు. వెళ్లండి. బీవైడీ ఈమ్యాక్స్ 7లో మూడు వరుసలూ నిండితే డిక్కీకి మిగిలేది 180 లీటర్లు. ఏడుగురి బట్టలు, అరిసెల డబ్బా, పసివాడి సామాను ఎక్కడ పెడతారు? ఏడాదికి ఒకటి రెండు ప్రయాణాల కోసం మిగతా రోజులన్నీ ఖాళీ సీట్లు మోసుకు తిరగడం నాకు అర్థం కాదు. ఆ రెండు రోజులకు ఇన్నోవా అద్దెకు దొరుకుతుంది.

నిజానికి చోటున్న బండిని మనవాళ్లు వద్దనేది చోటు చూసి కాదు. "వ్యాన్‌లా ఉంది", "ట్రావెల్స్ బండనుకుంటారు" అంటారు. ఆకుపచ్చ నంబరు ప్లేటు మీద అంకెలు తెల్లగా ఉంటే సొంతం, పసుపుపచ్చగా ఉంటే కిరాయి. కాలనీలో ఈ తేడా అందరికీ తెలుసు. అయినా బెంగ పోదు.

విండ్సర్‌లో లోపాల్లేవని నేననను. చిన్న బ్యాటరీ 38 కిలోవాట్ అవర్లదే. కంపెనీ చెప్పే 332 కిలోమీటర్లు ఏసీ వేసుకుని విజయవాడ రోడ్డెక్కితే రావు. సూర్యాపేటలో ఆగాల్సిందే. అక్కడ టీకి ఎలాగూ ఆగుతాం కదా. కానీ ఎత్తైన బండి కూడా ఆ రోడ్డు మీద గాలితో కుస్తీ పడుతూ చార్జింగ్ తాగేస్తుంది. దాన్ని తట్టుకోవడానికి ఇంకా పెద్ద బ్యాటరీ కావాలి, అది మోయడానికి ఇంకా బరువైన బండి.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో స్లాట్లు పాతకాలం చిన్న కార్లకు గీసినవి. కిందటేడు పై అంతస్తాయన లీజు మార్చి భారీ ఎస్‌యూవీ తెచ్చాడు. ఆయన స్లాటుకు ఒకపక్క పిల్లర్ ఉంది. రోజూ సాయంత్రం బండి పెట్టాక, పక్క సీట్లోకి పాక్కుంటూ వచ్చి అటు తలుపులోంచి దిగుతాడు.