చీర వెనక చెయ్యి

శివరాత్రి వెళ్లింది, చలి శివశివా అంటూ పోయింది. ఎండలు ముదిరేలోగా మా గద్వాల చుట్టుపక్కల ఫొటోలు తీసుకోవడానికి ఇదే అదను. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, నడుమ మా నడిగడ్డ. బీచుపల్లి రేవు, అలంపురం గుళ్లు, ఊళ్లో కోట అందరూ తీసేవే. సెల్‌ఫోన్ పట్టుకుని నేను మాత్రం మగ్గాలున్న ఇళ్లవైపు వెళ్తుంటాను.

గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెంటినీ సూదితో కాదు, మగ్గం మీదే పోగుకు పోగు మెలేసి కలుపుతారు. దానికే 'కుట్టు' అని పేరు. ఆ నేతకు కండెలు చుట్టిచ్చేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. చీర ఫొటో ప్రకటనల్లో చూస్తాం. ఆ చేతుల ఫొటో ఎప్పుడైనా చూశామా?

మన ఆల్బమ్‌లూ అంతేగా! పెళ్లిలో, సీమంతంలో పట్టుచీరతో అమ్మ ఉంటుంది. పొయ్యి ముందు జొన్నరొట్టె కొట్టే అమ్మ ఉండదు. "ఈ అవతారంల ఫొటో ఏందే?" అని కొంగు అడ్డం పెట్టుకుంటుంది. పని చేసే మనిషి ఫొటోకి పనికిరాదని మనకెవరు నేర్పారు?

ఈ వారం ఒక్క ఫొటో తీయండి. కానీ అడిగి తీయండి. రేవులో స్నానాలు చేసే ఆడవాళ్ల వైపు కెమెరా తిప్పకండి. వద్దంటే వదిలేయండి. సరేనంటే తీసి, ప్రింటు వేయించి వాళ్ల చేతికివ్వండి. కండె చుట్టే చేతులకూ గోడమీద చోటుండాలి.