పెట్టె సర్దేముందు ఒక్కమాట!

బాన్సువాడలో మా పక్కింటి వదిన కొడుకు పోయిన అక్టోబరులో చదువుకని జర్మనీ వెళ్ళాడు. వదిన ఎంతో ఆశగా పెట్టెలో నేతి సీసా, చికెన్ పచ్చడి సర్దింది. రెండూ అక్కడి విమానాశ్రయంలోనే తీసేశారు! ఇక్కడ ఈవిడ ఒకటే ఏడుపు.

మీ పిల్లలూ వెళ్తున్నారా? అయితే గుర్తుంచుకోండి. యూరోపియన్ యూనియన్ దేశాలకు మన దగ్గర్నుంచి నెయ్యి, పాలు, మాంసం పచ్చళ్ళు తీసుకెళ్ళనివ్వరు. పచ్చి కరివేపాకూ వద్దు. కరివేపాకు పొడి, చింతకాయ తొక్కు, సకినాలు కట్టివ్వండి. తొక్కు చేతిసంచిలో కాదు, పెద్దపెట్టెలోనే పెట్టాలి సుమండీ!

జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసేస్తారు. శనివారమే సరుకులు తెచ్చుకోమనండి. ప్లాస్టిక్ నీళ్ళసీసా పారేయవద్దనండి, తిరిగి దుకాణంలో ఇస్తే 25 సెంట్లు వస్తాయి. సెలవుల్లో పారిస్, రోమ్ చూడాలనుకుంటే జర్మనీ నివాసపత్రం, పాస్‌పోర్టు ఉంటే చాలు, వేరే వీసా అక్కర్లేదు. 180 రోజుల్లో 90 రోజులు మించకూడదంతే.

ఫోనుకూ ఓ వేళ ఉంది. మనకు రాత్రి 9 గంటలైతే, అక్కడ చలికాలంలో సాయంత్రం నాలుగున్నర, ఎండాకాలంలో ఐదున్నర.

మొన్న ఆ అబ్బాయి ఫోన్లో, "అమ్మా, పప్పుచారు ఎట్ల చేయాలె?" అని అడిగాడట. వదిన వీడియోలో పోపు పెట్టి చూపించింది. "మగపిల్లాడని ఇన్నాళ్ళు పొయ్యి దగ్గరికే రానియ్యకపోతిని" అని నాతో అని బాధపడింది.

మీరా పొరపాటు చేయకండి. కనీసం అన్నం, పప్పు, ఒక కూర నేర్పించాకే విమానం ఎక్కించండి.