గొట్టం మార్చారు సరే, జబ్బెక్కడికి పోయింది?

మా పెదనాన్నగారి అబ్బాయికి గుండె ఆపరేషన్ అయిన మూడో నెల్లో ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. వచ్చిన చుట్టాలందరికీ ఒకటే మాట. "వాల్వు మార్చేశారండీ, ఇంక ఏ భయమూ లేదు, పూర్తిగా నయమైపోయింది." పక్కనే కూర్చుని ప్రసాదం తింటూ విన్నాను. వ్రతం పూట గొడవెందుకని నోరు మూసుకున్నాను గానీ, ఆ మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది. ఇక్కడ కక్కేస్తున్నా.

అసలు నయమైందేంటి?

అన్నయ్యకి ఉన్నది మార్ఫాన్ సిండ్రోమ్. 1896లో పారిస్ లో ఆంట్వాన్ మార్ఫాన్ అనే పిల్లల డాక్టరు, సన్నటి పొడుగాటి వేళ్ళున్న ఒక అయిదేళ్ళ పాప గురించి రాశాడు. ఆ పేరే నిలిచింది. కారణమైన జీను ఎఫ్‌బీఎన్1 అని 1991లో తేలింది. శరీరంలో కణజాలాన్ని పట్టి ఉంచే ఫిబ్రిలిన్ అనే ప్రోటీను సరిగ్గా తయారు కాదు. మన భాషలో చెప్పాలంటే బగ్ షేర్డ్ లైబ్రరీలో ఉంది. కంటి లెన్సు, వెన్నెముక, కీళ్ళు, గుండెలోంచి బయల్దేరే అయోర్టా (అదే, టెన్త్ లో చదివిన బృహద్ధమని), అన్నీ ఆ లైబ్రరీనే వాడుకుంటున్నాయి. ఒకచోట క్రాష్ అయ్యింది. ఆ ఒక్క మాడ్యూల్ మార్చి టికెట్ క్లోజ్ చేశామంటే మీ మేనేజరు ఊరుకుంటాడా? మనిషి విషయంలో మాత్రం అదే చేసి స్వీట్లు పంచుతాం.

అన్నయ్యకి చేసింది బెంటాల్ ఆపరేషన్. 1968లో లండన్ లో హ్యూ బెంటాల్, ఆంటొనీ డి బోనో రాసిన పద్ధతి. ఉబ్బిన అయోర్టా మొదలు తీసేసి, మెటల్ వాల్వు కుట్టిన గొట్టం పెట్టి, గుండెకి రక్తమిచ్చే కరొనరీ నాళాల్ని మళ్ళీ దానికి అతికిస్తారు. గొప్ప ఆపరేషనే, నేను కాదన్లేదు. దానివల్లే ఈరోజు అన్నయ్య ఉన్నాడు. కానీ మార్చింది మొదట్లో ఉన్న కొన్ని సెంటీమీటర్లు. మిగతా అయోర్టా అంతా పాత సరుకే. పైగా అన్నయ్య ఆస్పత్రికి వెళ్ళిందే అయోర్టా చీలాక. అలా వచ్చినవాళ్ళలో చాలామందికి ఆ చీలిక కింది భాగంలో అలాగే మిగిలిపోతుంది. దాన్ని స్కాన్లతో కనిపెట్టుకుని ఉండాలి, బీపీ మాత్రలు మానకూడదు, అదీ జీవితాంతం. అతికిన చోట తర్వాతెప్పుడో ఉబ్బు రావచ్చు. పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళేముందు కూడా యాంటిబయాటిక్ వేసుకోవాలి, కృత్రిమ వాల్వుకి ఇన్ఫెక్షన్ పడితే అది వేరే నరకం.

ఇక రక్తం పలచబడే మందు. మెటల్ వాల్వు ఉన్నన్నాళ్ళూ ఎసిట్రోమో వార్ఫరినో తప్పదు. ఐఎన్ఆర్ 2కీ 3కీ మధ్య ఉండాలి. తగ్గితే వాల్వు మీద గడ్డ, పెరిగితే రక్తస్రావం. "ఆకుకూరలు తింటే ఆరోగ్యం" అని పెద్దమ్మ ఒక వారం రోజూ తోటకూర పెట్టి, తర్వాత వారం పూర్తిగా మానేస్తుంది. తినడం తప్పు కాదు, రోజూ ఒకేలా తినకపోవడమే తంటా. ఈ మాట ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. అలాగే సిప్రోఫ్లాక్సాసిన్. కాస్త విరేచనాలైతే చాలు, మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చేస్తారు. మార్ఫాన్, అయోర్టా ఉబ్బు ఉన్నవాళ్ళకి, వేరే దారి ఉంటే ఆ జాతి మందులు వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2018 డిసెంబరులో హెచ్చరించింది. "పూర్తిగా నయమైన" మనిషి ఇవన్నీ షాపులో ఎందుకు చెప్తాడు?

నాకు నిజంగా ఒళ్ళు మండేది దీనిక్కూడా కాదు. 1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్లో 675 మంది మార్ఫాన్ రోగుల లెక్క వచ్చింది. ముందే తెలుసుకుని, తీరిగ్గా అయోర్టా మొదలు మార్పించుకున్నవాళ్ళలో 30 రోజుల్లోపు పోయినవాళ్ళు నూటికి 1.5. ఎమర్జెన్సీలో చేయించుకున్నవాళ్ళలో 11.7. అదీ ఆపరేషన్ బల్ల దాకా చేరినవాళ్ళలోనే. దార్లో పోయినవాళ్ళు ఈ లెక్కలో లేరు. ఇంకోటి, ముందే వెళ్తే సొంత వాల్వు ఉంచేసి గొట్టం మాత్రం మార్చే డేవిడ్ పద్ధతికి అవకాశం ఉంటుంది (టొరంటోలో టిరోన్ డేవిడ్ మొదలుపెట్టింది), అప్పుడు ఈ ఎసిట్రోం గోల ఉండదు. కొందరికి ఆ వాల్వు తర్వాత లీకై మళ్ళీ ఆపరేషన్ పడొచ్చు, అది వేరు. చీలాక పరిగెత్తేవాడికి చాలాసార్లు ఆ ఛాయిస్ కూడా ఉండదు.

ముందే తెలియడానికి కావాల్సింది గుండె ఎకో. ఒక సాయంత్రం పని. ఆఫీసు హెల్త్ చెకప్ లో ఈసీజీ నార్మల్ వచ్చిందని మురిసిపోకండి, ఈసీజీ అయోర్టా వెడల్పు కొలవదు. 5 సెంటీమీటర్లకి వస్తే ఆపరేషన్ అంటారు, ఇంట్లో ఎవరికైనా చీలిన చరిత్ర ఉంటే 4.5కే ఆలోచిస్తారు. లోయిస్ డీట్జ్ అని 2005లో బయటపడ్డ ఇలాంటి ఇంకో జబ్బులో ఇంకా చిన్న సైజులోనే చీలుతుంది. అందుకే జీను పరీక్ష కూడా ముఖ్యం.

మా పెదనాన్న 2004లో, 42 ఏళ్ళకి పోయారు. "గుండెపోటు" అన్నారు. పోస్టుమార్టం లేదు. ఆయనా ఆరడుగుల పైమాటే, ఆయనకీ సోడాబుడ్డి కళ్ళద్దాలే. ఇరవయ్యేళ్ళు ఎవరూ ఎందుకని అడగలేదు. 1986లో జపాన్ లో ఆట మధ్యలో కుప్పకూలిపోయిన అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి ఫ్లో హైమన్ విషయంలోనూ మొదట గుండెపోటే అనుకున్నారు. శవపరీక్ష చేశారు కాబట్టి మార్ఫాన్ అని తేలింది, ఆమె సోదరుడికి పరీక్ష చేసి, ఆపరేషన్ చేసి కాపాడారు. తేడా అంతా అక్కడుంది.

ఈ జబ్బున్నవాళ్ళ పిల్లల్లో ఒక్కొక్కరికి వచ్చే అవకాశం సగానికి సగం. నేనూ, నాన్నా ఎకో చేయించుకున్నాం, బాగానే ఉంది. చేయించుకోనిది చెల్లి, అంటే అన్నయ్య సొంత చెల్లెలు. 25 ఏళ్ళు, అన్నయ్య పోలికే. సంబంధాలు చూస్తున్నారు. ఈ సమయంలో ఎకో అంటే ఊరంతా తెలిసిపోతుందట! నిజానికి అయోర్టా ఉబ్బి ఉంటే ఆడపిల్లకి గర్భం వచ్చినప్పుడూ, కాన్పయ్యాక కొన్ని వారాలూ చీలే ప్రమాదం ఎక్కువ. అంటే పెళ్ళికి ముందే తెలియాల్సిన విషయాన్ని పెళ్ళి కోసమే దాస్తున్నారన్నమాట. పెద్దమ్మకి ఇదంతా చెప్పాను. "నీకేం నాయనా, చెప్పి వెళ్ళిపోతావు. రేపు దానికి పెళ్ళి కాకపోతే నువ్వొచ్చి చేస్తావా?" అంది. భర్తని, కొంచెంలో కొడుకుని పోగొట్టుకోబోయిన మనిషి. ఆవిడ మీద కోపం తెచ్చుకోవడం నావల్ల కాలేదు. కోపమల్లా డిశ్చార్జి కాగితాల్లో "తోబుట్టువులకి పరీక్ష చేయించండి" అని ఒక్క ముక్క రాయని పెద్ద ఆస్పత్రి మీద, జబ్బు సంగతి వింటే లేచిపోయే పెళ్ళిచూపుల బాపతు మన మీద. అవును, మన మీదే. మనలో ఎంతమందిమి ఆ అమ్మాయి ఎకో రిపోర్టు చూశాక కూడా సరే అంటాం?

పెద్దమ్మ రెండు వారాలుగా నాతో మాట్లాడ్డం లేదు. నిన్న రాత్రి పదకొండింటికి చెల్లి ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఆ ఎకో ఖాళీ కడుపుతో వెళ్ళాలా?" అని అడిగింది. అక్కర్లేదన్నాను. శనివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి అపాయింట్‌మెంటు. ఇదంతా తనకి చదివి వినిపించాకే ఇక్కడ పెడుతున్నా.