నల్లమలలో నాకు వినబడనిది

పోయిన నెల నా ముచ్చట రాలేదేమని కొందరు అడిగారు. ఊళ్లో లేను. ఇంటిల్లిపాదీ శ్రీశైలం నడిచిపోయినం.

సోలాపూర్‌వాళ్లకు శ్రీశైలం కొత్త కాదు. మన సిద్ధరామేశ్వరుడు చిన్నతనంలో మల్లయ్యను వెతుక్కుంటూ అక్కడికే పోయాడని కథ. ఉగాది వస్తే ఇటునుంచి, కర్ణాటక నుంచి వేలమంది, భ్రమరాంబను తమ ఇంటి ఆడబిడ్డగా తలచి చీరె సారె పట్టుకొని నడుస్తారు. కర్నూలు మీదుగా ఆత్మకూరు చేరి, వెంకటాపురం కాడ అడవిలోకి పోవాలి. నాగలూటి, పెచ్చెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారం, ఇదీ దారి. 40 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. పులుల అడవి కాబట్టి శివరాత్రికి, ఉగాదికి మాత్రమే, అటవీశాఖ చెప్పిన రోజుల్లోనే వదులుతారు.

మేము దారి తెరిచిన మొదటి రోజే బయలుదేరాం. నాగలూటి వీరభద్రుడి గుడి కాడ కొన్ని గుంపులు కనిపించాయి. పెచ్చెరువులో, చెంచుల గూడెం దగ్గర రాత్రి పండుకొని, తెల్లారంగనే నడక మొదలుపెడితే ముందు మనిషి లేడు, వెనక మనిషి లేడు.

ఆ ముక్క దారి మరిచిపోలేను. ఎండిన వెదురు, ఆకు రాల్చిన మద్దిచెట్లు. మా ఇంటామె ఒక చెట్టు కాడ ఆగి ఆకును చేత్తో తడిమింది. తునికి చెట్టు. 20 ఏండ్లు బీడీలు చుట్టింది గానీ, ఆకును కట్టలో తప్ప చెట్టు మీద ఎన్నడూ చూడలేదు. తెంపకుండా నిమిరి వదిలేసింది.

"ఎండుటాకుల మీద నడుస్తుంటే ఎంత చప్పుడో, అడవంతా లేచేటట్టున్నది" అన్నది.

నేను కాళ్ల కింద చూసుకున్నా. ఆకులున్నాయి. గట్టిగా అడుగేశాను. నాకే చప్పుడూ రాలేదు. ఇంతలో బిడ్డ, "నాయినా, ఆ పిట్ట ఎంత సన్నగా కూస్తున్నదో" అన్నది. పిట్ట కనబడ్డది, దాని ముక్కు ఆడటం కనబడ్డది. కూత లేదు. "మంచిగున్నది బిడ్డా" అని అబద్ధమాడిన.

27 ఏండ్లు సాంచాల మీద పనిచేసిన. కార్ఖానాలో మనం నోటితో మాట్లాడుకోం గదా, అంతా సైగలు, పెదవుల కదలిక. ఇంట్ల టీవీ గట్టిగ పెడితే అలవాటేలే అనుకున్నా. ఆ అడవి అంత నిశ్శబ్దంగా లేకుంటే నా చెవి సంగతి నాకు తెలిసేదే కాదు.

భీమునికొలనుకు దిగే రాతిమెట్ల మీద ఇంటామె ముందు, నేను నడుమ, బిడ్డ వెనక. బిడ్డకు కాలు మడతపడి కూలబడి పిలిచిందట. ఒక్కసారి కాదు, నాలుగైదుసార్లు. నేను నా మానాన దిగుతనే ఉన్నా. కిందనుంచి తల్లి విని పైకి ఉరికొస్తుంటే, ఆమె మొహం చూసి అప్పుడు వెనక్కి తిరిగిన.

బెణుకే, దేవుని దయ. కొలను కాడ చల్లని నీళ్లు పోసి, తువ్వాల గట్టిగా కట్టినం. నా భుజం పట్టుకొని ఆగి ఆగి కైలాసద్వారం దాకా ఎక్కింది. ఎక్కుతూ, "నీకు ఇనబడ్తలేదని నాకు ఎప్పుడో తెలుసు నాయినా" అన్నది.

తిరిగొచ్చినంక చెవి పరీక్ష చేయించుకున్నా. మోతలో పనిచేసేవాళ్లకు ముందు సన్నని శబ్దాలు పోతాయట. మాటలు వినబడుతుంటాయి కాబట్టి మనకు తెలియదు. పోయింది తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవచ్చు అన్నారు డాక్టరు. దూది పెట్టుకుంటే చాలదు, చెవిలో సరిగ్గా ఇమిడే ప్లగ్గులు కావాలి.

ఇంకో మాట. పని మోతతో వచ్చే చెవుడు చట్టంలోని వృత్తి రోగాల పట్టికలో ఉంది. నష్టపరిహారానికి వర్తించే రోగాల పట్టికలోనూ ఉంది. మనం తెచ్చుకున్న జబ్బు కాదు, పని ఇచ్చిన జబ్బు. పరీక్ష కాగితం, పనిచేసిన రుజువులు భద్రంగా దాచుకోండి. కొత్తగా సాంచాల మీదికి వచ్చిన పిల్లలకు ఇప్పుడే చెప్పండి.

ఉగాదికి నడిచేవాళ్లు నీళ్లు సరిపడా పట్టుకోండి, అడవిలో పొయ్యి వెలిగించకండి, ప్లాస్టిక్ పారేయకండి, గుంపు విడిచి పోకండి. చెవి మందగించినవాళ్లు అందరికన్నా వెనక నడవండి, ముందున్న మనుషులు కంటికి కనబడుతుంటారు. వచ్చే ఏడు నేనూ అట్లే నడుస్తా, బిడ్డను ముందు పెట్టుకొని.