వెరావల్ నుంచి తెచ్చారు సరే.. మళ్లీ ఎందుకెళ్లారు?

పుదుచ్చేరి బీచ్ రోడ్డు మీద గాంధీ విగ్రహం దగ్గర మొదలుపెట్టి ఉత్తరంగా నడిస్తే, పర్యాటకుల సందడి తగ్గిన చోట కురుసుకుప్పం వస్తుంది. అది దాటితే వైతికుప్పం. అలలకు అడ్డంగా పేర్చిన బండరాళ్లు, వాటి వెనకే ఇరుకు సందులు, గుమ్మాల ముందు వలలు. ఏటా మాసి మఘం నాడు చుట్టుపక్కల గుళ్ల ఉత్సవ విగ్రహాలను సముద్ర స్నానానికి తెచ్చేది ఈ ఒడ్డుకే. 2020లో ఆ పండుగ మార్చి మొదటి పది రోజుల్లోనే వచ్చింది. రెండు వారాలు తిరిగేసరికి దేశమంతా లాక్‌డౌన్.

ఇక్కడా వేట ఆగిపోయింది. ఏప్రిల్ 10న కేంద్ర హోంశాఖ సముద్రంలో చేపల వేటకు మినహాయింపు ఇచ్చినా, ఐదు రోజులకే తూర్పు తీరంలో ఏటా ఉండే వేట నిషేధం మొదలైంది. ఇచ్చిన వెసులుబాటు చేతికి అందేలోపే పోయింది. ఇబ్బందులు పడ్డారు, అప్పులు చేశారు. కానీ మగవాళ్లు రాత్రికి ఇంట్లోనే పడుకున్నారు. ఈ చిన్న మాట దగ్గరే ఆగాలి. సరిగ్గా అవే వారాల్లో, అదే బంగాళాఖాతం మీద బతికే ఉత్తరాంధ్ర మత్స్యకారులు నాలుగు వేల మందికి పైగా అరేబియా సముద్రం ఒడ్డున, గుజరాత్‌లోని వెరావల్ హార్బర్‌లో, తాము పనిచేసే బోట్లలోనే పడుకున్నారు.

శ్రీకాకుళం జిల్లా బడివానిపేట, డి.మత్స్యలేశం లాంటి ఊళ్లలో ఒక కుటుంబానికి ఆ ఏడాది ఎలా గడిచిందో వరసగా చూద్దాం. ఇది ఫలానా వారి కథ కాదు, ఆ తీరంలో చాలా ఇళ్లలో ఇదే జరిగింది. 2019 వర్షాకాలంలో తండేల్ వచ్చి అడ్వాన్స్ ఇస్తాడు. తండేల్ అంటే బోటు నాయకుడు, మనుషులను కూడగట్టేదీ అతనే. 2025లో సినిమా వచ్చాక ఈ మాట తెలుగువాళ్లందరికీ పరిచయమైంది. ఆ అడ్వాన్స్ చాలావరకు పాత అప్పులకే జమ. భర్త రైలెక్కుతాడు. బోటుకు ఏడెనిమిది మంది, ఒక్కో విడత వేటకు వెళ్తే పదిహేను ఇరవై రోజులు నీళ్లమీదే. ఇంటి దగ్గర భార్య చేపలమ్మి, పిల్లల్ని చూసుకుంటూ, మే నెల కోసం ఎదురుచూస్తుంది.

2020 జనవరి 6న వాఘా దగ్గర 20 మంది ఆంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ మనకు అప్పగించింది. వాళ్లూ గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్లినవాళ్లే. 2018 నవంబరులో సరిహద్దు దాటారంటూ పట్టుబడి, పద్నాలుగు నెలల దాకా కరాచీ జైల్లో ఉన్నారు. ఆ ఊళ్లలో ఆ సంబరం తగ్గకముందే లాక్‌డౌన్ వార్త వచ్చింది.

వెరావల్‌లో ఏం జరిగిందో అప్పట్లో సెల్‌ఫోన్ వీడియోల ద్వారా చూశాం. పక్కపక్కనే కట్టేసిన బోట్లు, ఒక్కో దాంట్లో వరసగా మనుషులు, దూరం పాటించడం కుదరని ఇరుకు, తాగునీటికి కటకట. ఏప్రిల్ చివర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుజరాత్ ప్రభుత్వంతో మాట్లాడి బస్సులు పెట్టించింది. రెండు వేల కిలోమీటర్ల వరకు ప్రయాణం. ఇల్లు చేరిన ఒక్కొక్కరికి 2,000 రూపాయలు ఇస్తామని ప్రకటించింది. దేశమంతా వలస కార్మికులు రోడ్ల వెంట నడుస్తున్న ఆ రోజుల్లో ఇది మంచి పనే, ఒప్పుకోవాలి.

కానీ వాళ్లు దిగింది ఎలాంటి ఊళ్లలో? శ్రీకాకుళంలో ఏప్రిల్ చివరి వారం దాకా ఒక్క కేసూ లేదు. విజయనగరంలో మొదటి కేసు మే 7న బయటపడింది. అలాంటి చోట బయటి నుంచి వచ్చినవాళ్లంటే భయం ఉండటంలో వింత లేదు. ముందు క్వారంటైన్. అది ముగిసేనాటికి కూడా వేట నిషేధమే. ఆ ఏడాది మాత్రం 61 రోజులను 47కు కుదించి మే 31తో ముగించారు. నిషేధ కాలానికి మత్స్యకార భరోసా కింద మే 6న లక్ష మందికి పైగా తలా 10,000 రూపాయలు పడ్డాయి. అయితే ఆ సాయం రాష్ట్రంలో వేట చేసే పడవలతో ముడిపడినది. ఏడాదిలో ఎక్కువ కాలం పరాయి రాష్ట్రపు బోటు మీద ఉండే మనిషి ఆ లెక్కలోకి తేలిగ్గా రాడు.

జూన్‌లో సముద్రం తెరుచుకుంది. మరి వేటకు పడవేదీ? పెద్ద బోటు నిలపడానికి జెట్టీ ఏదీ? అప్పటి శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉండేది, రాష్ట్రంలో అదే పొడవైనది. అంత తీరంలో ఒక్క ఫిషింగ్ హార్బర్ లేదు. ఒడ్డు నుంచి తోసుకెళ్లే చిన్న తెప్పలతో దొరికినంతే వేట. పశ్చిమ తీరంలో నిషేధం జులై 31తో ముగిసింది. ఆగస్టు నుంచి కొత్త సీజన్. వలస ఆగలేదు. మహమ్మారి ఇంటికి పంపిన మనిషిని అప్పు మళ్లీ వెరావల్‌కు పంపింది.

ఇక్కడ ప్రభుత్వాలు రెండు పనులు చేశాయి. రెండూ ఈ కుటుంబాన్ని ఇంచుమించు పక్కన పెట్టాయి.

మొదటిది చట్టం. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఐదుగురు లేదా అంతకు మించి వలస కార్మికులున్న సంస్థలకు వర్తించేది. స్థానచలన భత్యం అందులో హక్కు. అమలు నామమాత్రమే అయినా, ఏడెనిమిది మంది ఉన్న బోటు ఆ పరిధిలోకి వస్తుందని వాదించే వీలుండేది. 2020 సెప్టెంబరులో, వలస కార్మికుల కష్టాలు కళ్లముందు ఉండగానే, పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను పదికి పెంచింది, స్థానచలన భత్యాన్ని తీసేసింది. కాంట్రాక్టర్ లేకుండా సొంతంగా వచ్చిన వారినీ నిర్వచనంలో చేర్చడం, ఏడాదికోసారి ప్రయాణ ఖర్చు ఇవ్వాలనడం మేలే. కానీ ఒకే బోటున్న యజమాని దగ్గర పది మంది ఉండరు. ఈ కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. ఆ రోజు ప్రపంచ మత్స్య దినోత్సవం కావడం కాకతాళీయమే అనుకుందాం.

రెండోది హార్బర్లు. 2020 నవంబరు 21న ముఖ్యమంత్రి జగన్ నాలుగు ఫిషింగ్ హార్బర్లకు శంకుస్థాపన చేశారు: ఉప్పాడ, మచిలీపట్నం, నిజాంపట్నం, జువ్వలదిన్నె. ఆరు నెలల క్రితం బస్సుల్లో తెచ్చింది ఎక్కువగా ఏ తీరం మనుషులనో, ఆ ఉత్తరాంధ్ర నుంచి ఒక్క పేరూ మొదటి విడతలో లేదు. శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంకు శంకుస్థాపన జరిగింది 2023 ఏప్రిల్‌లో.

హార్బర్ కడితే అంతా సర్దుకుంటుందా? ఈ ప్రశ్నకే మళ్లీ వైతికుప్పం రావాలి. పుదుచ్చేరికి దక్షిణాన 1980ల చివర్లో హార్బర్ కోసం సముద్రంలోకి రాతి గట్లు కట్టారు. తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. గట్టు దాన్ని ఆపేసింది. దక్షిణాన ఇసుక మేట వేసింది, ఉత్తరాన బీచ్ కోసుకుపోయింది. వైతికుప్పం ముందు పడవలు లాగాల్సిన చోట బండరాళ్లున్నది అందుకే. రేవు వచ్చి ఈ ఊరి మగవాళ్లను ఇంటి దగ్గర ఉంచింది, కానీ ఊరి ముందున్న ఒడ్డును తీసుకుపోయింది. పోయిన ఇసుక కోసం పట్టణంలో ఈ మధ్య సముద్రంలో కృత్రిమ దిబ్బ కట్టాల్సి వచ్చింది. బుడగట్లపాలెంలో గట్లు లేచాక ఉత్తరాన ఉన్న ఊళ్ల ఇసుకను ఎవరు కొలుస్తారు, అవతలి వైపు మేట వేసినదాన్ని తోడి ఇటు ఎవరు పోస్తారు, ఏటా దానికి డబ్బు ఏ పద్దులో పెడతారు? కాంట్రాక్టు పత్రాల్లో ఇవి లేకపోతే, వెరావల్ వెళ్లే రైలెక్కేవాళ్లు పక్క ఊళ్ల నుంచి తయారవుతారు.