తోడు–నీడ

బాల్యం చీకూచింతా లేని కాలమని పెద్దలు తలచడం పరిపాటి. ఇది పూర్తిగా నిజం కాదు. పసివారికీ భయాలుంటాయి; వాటిని చెప్పుకోవడానికి తగిన మాటలు మాత్రం వారి వద్ద ఉండవు. బడికి బయలుదేరే వేళకు వచ్చే కడుపునొప్పి, పరీక్షల ముందు పట్టని నిద్ర, కారణం తెలియని అలక ఒక్కొక్కప్పుడు ఆ భయానికే మారురూపాలు. వీటిని సాకులని కొట్టివేస్తే భయం పోదు, లోలోపలే గూడుకట్టుకొంటుంది.

భయం దానంతట అది దోషం కాదు. రానున్న ప్రమాదాన్ని పసిగట్టి శరీరాన్ని సిద్ధం చేయడం దాని పని. గుండె వేగంగా కొట్టుకోవడం, అరచేతులు చెమర్చడం అందులో భాగాలే. ప్రమాదం లేనిచోట కూడా ఈ స్థితి దీర్ఘకాలం కొనసాగి, చదువుకూ ఆటలకూ అడ్డు తగిలితే అది సరిదిద్దుకోవలసిన ఆందోళన అవుతుంది. 13 నుండి 17 ఏండ్లవారిలో సుమారు 7 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్లు 2015–16 నాటి భారత జాతీయ మానసిక ఆరోగ్య సర్వే అంచనా వేసింది.

ఇటువంటి పిల్లలకు హితబోధ కంటె ముందు కావలసింది తోడు. అమెరికాకు చెందిన బాలల మనస్తత్వవేత్త బోరిస్ లెవిన్‌సన్ ఈ సత్యాన్ని తన పెంపుడు కుక్క ద్వారా గ్రహించాడు. ఎవరితోనూ కలవని ఒక బాలుడు, ఆయన గదిలో ఉన్న జింగిల్స్ అనే కుక్కను అక్కున చేర్చుకొన్నాడు. లెవిన్‌సన్ వారి ఆటలో పాలుపంచుకొని క్రమంగా ఆ బాలునికి చేరువయ్యాడు. ఈ అనుభవాన్ని 1962లో ఒక వ్యాసంలో వివరించి, జంతువుల తోడుతో చేసే చికిత్సకు బాటలు వేశాడు.

మూగజీవి మార్కులు అడగదు, ఒకరితో పోల్చదు, మాటకు అడ్డు రాదు. దూడ గంగడోలు నిమిరే బాలిక తన దిగులును కొంతసేపు మరచిపోతుంది. అంతేకాదు, దానికి నీళ్లు పెట్టి, మేత వేసేటప్పుడు తానూ ఒక ప్రాణికి ఆధారమని తెలుసుకొంటుంది. అయితే మూగజీవి ఆటబొమ్మ కాదు. తనను నమ్మి వెంట వచ్చిన శునకాన్ని విడిచి స్వర్గానికైనా రానన్నాడు ధర్మరాజు. ముచ్చటపడి తెచ్చి, విసుగుపుట్టి వీధిలో వదలడం ఆ ధర్మానికి విరుద్ధం.

మూగజీవి ఇవ్వలేనిది స్నేహితుడు ఇస్తాడు. అది మాట. “నాకూ అలాగే అనిపిస్తుంది” అన్న ఒక్క వాక్యంతో సగం బరువు దిగుతుంది. తన భయం తన ఒక్కడిదే కాదని తెలియడమే ధైర్యానికి తొలిమెట్టు.

తెలుగునాట ఎందరో విద్యార్థులు పదిహేను, పదహారేండ్లకే ఇల్లు విడిచి వసతి గృహాలలో చేరుతున్నారు. బాల్యమిత్రులూ, వాకిట్లో తోక ఆడించే కుక్కా ఒక్కరోజులో దూరమవుతాయి. కొన్నిచోట్ల పక్క బల్లమీది విద్యార్థి మిత్రుడుగా కాక పోటీదారుడుగా పరిచయమవుతాడు. స్నేహాలు చదువును చెరుపుతాయని కొందరి వాదన. దుష్ట సాంగత్యం చెరుపు చేసే మాట నిజమే. కాని దానికి విరుగుడు సత్సాంగత్యమే తప్ప ఒంటరితనం కాదు. దినచర్యలో ఆటకూ మాటకూ ఒక గంట కేటాయించడం చదువుకు నష్టం కాదు. చదివే మనసుకు విశ్రాంతి.

తోడు అన్ని వేళలా వైద్యానికి బదులు కాజాలదు. దిగులు వారాల తరబడి వీడనప్పుడు పెద్దలకు చెప్పడం, వైద్యుని సంప్రదించడం పిరికితనం కాదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరుపై ఉచితంగా సలహా ఇస్తుంది. మిత్రుని ముఖం వాడినప్పుడు గమనించి ఆ మాట చెప్పగలవాడే నిజమైన స్నేహితుడు. తరగతిలో మౌనంగా కూర్చున్న ఒక్కరిని పలకరించడానికి పాండిత్యం అక్కరలేదు. కాస్త తీరిక, కొంచెం దయ చాలు.