సెర్చ్ బాక్స్ ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకుంటారా?

ఈమధ్య హైదరాబాద్‌లో డిజైనర్ల సమావేశం ఒకటి జరిగితే వెళ్లాను. ఒక కుర్ర డిజైనర్ మైకు పుచ్చుకుని తేల్చేశాడు: "క్యాలెండర్, కాంటాక్టులు, నోట్సు, పనుల జాబితా అంటూ ఇన్ని ఎందుకండీ? అన్నీ ఒకచోట పడేసి పైన సెర్చ్ బాక్స్ పెట్టండి. యూజర్ అడుగుతాడు, యాప్ ఇస్తుంది." హాలంతా చప్పట్లు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇదేమీ కొత్త మాట కాదు. 2004లో జీమెయిల్ వచ్చినప్పుడే సర్దుకోవడం మానేసి వెతుక్కోమని ఊదరగొట్టారు. ఉత్తరాల కుప్పకు ఆ పద్ధతి పనికొచ్చిందనే ఒప్పుకుందాం. దాన్ని తెచ్చి మనిషి సొంత వ్యవహారాలన్నిటికీ అంటగడితే ఎలా? వెతకాలంటే ఫలానాది ఉందని ముందు గుర్తుండాలి. బండి ఇన్సూరెన్స్ ముగిసే తేదీ, కరెంటు బిల్లు గడువు, అమ్మకి బీపీ మాత్రలు అయిపోయే రోజు మర్చిపోతామనే కదా రాసుకునేది! మర్చిపోయినవాడు ఆ ఖాళీ పెట్టెలో ఏమని టైపు చేస్తాడు?

ఈ సంగతి తెలిసి నలభై ఏళ్లు దాటింది. 1983లో థామస్ మలోన్ అనే పరిశోధకుడు ఆఫీసుల్లో బల్లలు ఎలా సర్దుకుంటారో పరిశీలించాడు. జనం కాగితాల్ని కళ్లెదుట పెట్టుకునేది తేలిగ్గా దొరకడానికే కాదు, పని గుర్తుచేయడానికి కూడా అని రాశాడు. కంప్యూటర్ ఫైళ్ల విషయంలోనూ అంతేనని 1995లో డెబోరా బారో, బోనీ నార్డీ చెప్పారు. సెర్చ్ ఎంత మెరుగుపడినా జనం ఫోల్డర్ల దారినే పోతారని, ఎక్కడ పెట్టారో గుర్తులేనప్పుడే వెతుకుతారని ఆ తర్వాత ఓఫర్ బెర్గ్‌మన్ బృందం తేల్చింది. చప్పట్లు కొట్టినవాళ్లలో వీటిని చదివినవాళ్లు ఎందరు?

మా పిన్ని ప్లంబరు నంబరు కావాలంటే సెర్చ్ జోలికే పోదు. కాంటాక్టులు తెరిచి వేలితో ఒక్కో పేరూ కిందికి జరుపుతూ పోతుంది. దారిలో మేనకోడలి పేరు తగులుతుంది. "అయ్యో, దీనికి పండక్కి చీర పంపలేదే!" అంటుంది. ఆ చీర సంగతి ఏ సెర్చ్ బాక్స్ గుర్తుచేస్తుంది? ఆమె ఫోన్‌లో పేర్లు చూడండి: 'గ్యాస్ అబ్బాయి', 'పాలు', 'ప్లంబర్ మియాపూర్', 'పెద్దత్తయ్య కొత్త నంబర్'. ఆమె లోకం అలా అమరి ఉంది. యాప్ మాత్రం ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లు చూపించి నింపమంటుంది. ఇంటిపేరు ముందు రాసుకునే మనకి ఆ గళ్లు ఎప్పుడు సరిపోయాయి కనుక?

తెలుగులో రాసుకునేవాళ్ల పాట్లు మరీ ఘోరం. 'పెళ్లి ఖర్చులు' అని రాసుకున్నవాడు 'పెళ్ళి' అని వెతికితే చాలా యాప్‌లు ఏమీ లేదు పొమ్మంటాయి. 'ఇల్లు' అని కొడితే 'ఇంటి పన్ను రసీదు' రాదు. ఇల్లు, ఇంటి, ఇంట్లో ఒకటేనని ఆ సెర్చ్ రాసినవాడికి తెలియదు, తెలుసుకునే ఓపికా లేదు. లక్ష్మిని ఇంగ్లిషులో ఒకరు ఎక్స్‌తో రాస్తారు, ఇంకొకరు కే, ఎస్, హెచ్‌లతో రాస్తారు. ఈ గొడవ ఏదీ తీర్చకుండా ఉన్న జాబితాలు కూడా పీకేస్తామంటే, అది మా మీద దౌర్జన్యం.

దీనికి తోడు 'క్లీన్ లుక్' అనే పిచ్చి ఒకటి. బొత్తాలన్నీ మూడు గీతల వెనక దాచేస్తారు. పక్కకు జరిపితే ఒకటి, నొక్కి పట్టుకుంటే ఇంకొకటి. అరవై దాటినవాళ్లకి ఇవన్నీ ఎవరు చెప్పాలి? ఏఐని నోటితో అడిగితే చాలంటారా? అడగాలని గుర్తుండాలి కదా, మళ్లీ అదే కథ.

1996లో వచ్చిన పామ్ పైలట్ అనే జేబు కంప్యూటర్‌ని ఒకసారి తీసి చూడండి. దాన్ని తయారుచేసేముందు జెఫ్ హాకిన్స్ ఆ సైజు చెక్కముక్కని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు, ఏ పనికి ఎన్నిసార్లు బయటికి తీస్తాడో తెలుసుకోవడానికి. చివరికి కింద నాలుగు బొత్తాలు పెట్టారు: తేదీలు, చిరునామాలు, పనులు, నోట్సు. ఆపి ఉన్నా సరే, ఒక్క నొక్కుతో ఆ పుట తెరుచుకునేది. అంత చిన్న తెర మీద వాళ్లు చేయగలిగింది ఈ పెద్ద తెరల మీద మీకెందుకు చేతకాదు?

సెర్చ్ వద్దని నేననను, ఒక మూల ఉండనివ్వండి. యాప్ తెరవగానే మాత్రం ఈ రోజు పనులు, ఈ వారం గడువులు అడక్కుండానే కనబడాలి. జాబితాలకి పేర్లు జనం పెట్టుకుంటారు, వాటి వరస వాళ్లకే వదిలేయండి. మిగతావి ఎలా అమర్చాలో మీరే తేల్చుకోండి, జీతాలు తీసుకునేది దానికే. తేల్చుకునేముందు మీ ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు ఫోన్‌లో ఒక నంబరు ఎలా తీస్తారో ఒక పూట ఓపిగ్గా చూడండి.